లాగితేనే నిలిచే చక్రం

సైకిల్ షాపులో కొత్త స్పోకు ఒకటి అడిగి తీసుకుని పరీక్షగా చూడండి. మందం రెండు మిల్లీమీటర్లు. పొడవు ముప్పై సెంటీమీటర్లకు కాస్త తక్కువ. మెకానిక్కులు దీన్ని పుల్ల అంటారు. నేల మీద నిలువుగా పెట్టి పైనుంచి అరచేత్తో నొక్కితే రెండు మూడు కిలోల బరువుకే మధ్యలో వంగిపోతుంది. ఇలాంటి పుల్లలు ముప్పై ఆరో నలభయ్యో కలిసి, తొక్కే మనిషినీ, వెనక క్యారియర్ మీద పాతిక కిలోల బియ్యం బస్తానూ, ముందు కడ్డీ మీద కూర్చున్న పిల్లనూ మోసుకుంటూ గతుకుల రోడ్ల మీద ఏళ్ల తరబడి తిరుగుతున్నాయి. నొక్కితే నిలవలేని తీగ ఇంత బరువు ఎలా మోస్తోంది?

అదే పుల్లను నొక్కకుండా రెండు కొసలూ పట్టి లాగితే సంగతి పూర్తిగా మారిపోతుంది. రెండు వందల కిలోల బరువు వేలాడదీసినా మంచి ఉక్కు పుల్ల తెగదు. నొక్కుడుకు రెండు మూడు కిలోలు, లాగుడుకు రెండు వందలకు పైన. ఒకే తీగలో దాదాపు వంద రెట్ల తేడా! సైకిల్ చక్రాన్ని రూపొందించినవాళ్లు ఈ తేడాను పట్టుకున్నారు. తీగను దాని బలహీనత వైపు ఎన్నడూ పోనివ్వకుండా, ఎప్పుడూ బలం వైపే ఉంచే ఏర్పాటు చేశారు. ఇంత తక్కువ లోహంతో ఇంత ఎక్కువ బరువు మోసే వస్తువు మన ఇళ్ల ముందు మరొకటి ఉండదని నా నమ్మకం. అయితే ఆ ఆలోచన దగ్గరికి చేరడానికి చక్రానికి దాదాపు ఐదు వేల ఏళ్లు పట్టింది.

నిండు చక్రం, ఆకుల చక్రం

స్లొవేనియా రాజధాని లుబ్లియానా దగ్గరి చిత్తడి నేలల్లో 2002లో ఒక చెక్క చక్రం బయటపడింది. దాని వయసు సుమారు 5,150 ఏళ్లు. ఇప్పటిదాకా దొరికిన చెక్క చక్రాల్లో అతి పాతవాటిలో అది ఒకటి. దానికి ఆకులు, అంటే చెక్క పుల్లలు, లేవు. యాష్ చెట్టు పలకలను పక్కపక్కన పెట్టి, ఓక్ చెక్కలతో జోడించి, గుండ్రంగా చెక్కారు. అంత శ్రమ ఎందుకు, లావుపాటి మానును అడ్డంగా బిళ్లలా కోస్తే చాలదా అనిపిస్తుంది. చాలదు. అలా కోసిన బిళ్ల ఎండేకొద్దీ కేంద్రం నుంచి అంచుకు పగుళ్లు తీస్తుంది. పైగా చెక్కలో పీచు ఏ దిక్కున సాగుతుందో ఆ దిక్కునే బలం ఉంటుంది. అడ్డుకోత బిళ్లలో పీచంతా ఇరుసుకు సమాంతరంగా ఉంటుంది కాబట్టి రాయి తగిలితే అంచు ముక్కలుగా రాలిపోతుంది. తొలి చక్రాలు చేసినవాళ్లకు ఇదంతా తెలుసు. అందుకే పలకలు కోశారు.

పలకల చక్రం గట్టిదే, కానీ బరువు. ఎద్దులకు అది పెద్ద ఇబ్బంది కాదు, వాటి నడక ఎలాగూ నిదానం. గుర్రాన్ని కట్టి పరుగెత్తించాలంటే మాత్రం చక్రం తేలిక కావాలి. తిరిగే వస్తువులో అంచు దగ్గరున్న బరువు రెండు విధాల భారం. దాన్ని ముందుకు తోయాలి, గుండ్రంగా కూడా తిప్పాలి. బండిని ఆపేటప్పుడూ ఆ రెంటినీ ఆపాలి.

ఉత్తరప్రదేశ్‌లోని సనౌలీలో 2018లో భారత పురావస్తు శాఖ తవ్వకాల్లో దాదాపు నాలుగు వేల ఏళ్ల నాటి బండ్లు దొరికాయి. అవి రథాలా, ఎద్దుబండ్లా అన్న చర్చ ఇంకా నడుస్తోంది. వాటి చక్రాలు మాత్రం రాగి త్రికోణాలు తాపిన నిండు చక్రాలే. ఇంచుమించు ఆ రోజుల్లోనే, క్రీస్తుపూర్వం 2000 ప్రాంతంలో, ఇప్పటి రష్యాలోని ఉరల్ పర్వతాలకు దక్షిణాన సింతష్ట సంస్కృతి జనం తమ సమాధుల్లో రథాలను పూడ్చిపెట్టారు. చెక్క ఏనాడో కుళ్లిపోయింది. చక్రాలు దిగేందుకు తవ్విన గుంతల్లో ఆకుల ముద్రలు మాత్రం మట్టిలో అచ్చుపడి మిగిలాయి. ఆకుల చక్రానికి మనకు దొరికిన అతి పాత సాక్ష్యం ఆ ముద్రలే.

ఆకుల చక్రంలో పనితనం ఏ ఎత్తుకు చేరిందో ఈజిప్టు చూపించింది. 1922లో హోవర్డ్ కార్టర్ బృందం తెరిచిన టూటన్‌ఖామున్ సమాధిలో ఆరు రథాలు ఉన్నాయి. ఆ చక్రాలకు ఆరేసి ఆకులు. ఒక్కో ఆకునూ ఒకే కర్రతో చేయలేదు. కర్రను తడిపి, వేడి చేసి, కోణంగా వంచి, అలాంటి ఆరు కోణాలను పక్కపక్కన పేర్చి జిగురుతో అతికించారు. పక్కపక్కనున్న రెండు కోణాల భుజాలు కలిసి ఒక ఆకు అయ్యాయి. పైన పచ్చితోలు చుట్టారు. పచ్చితోలు ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. చెక్కను చెక్కేస్తే పీచు తెగుతుంది, వంచితే తెగదు. మూడు వేల మూడు వందల ఏళ్ల కిందటి వడ్రంగి చేతిలో ఉన్న ఈ తెలివిని నేటి ఇంజనీరు కూడా గౌరవించాల్సిందే.

ఆకులెన్ని ఉండాలన్నది ఒక్కో దేశంలో ఒక్కో తీరుగా తేలింది. రుగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలో సంవత్సరాన్ని పన్నెండు ఆకుల చక్రంగా చెప్పారు. చైనాలో చిన్ షి హువాంగ్ సమాధి దగ్గర 1980లో దొరికిన కంచు రథాల చక్రాలకు ముప్పయ్యేసి ఆకులున్నాయి. పదమూడో శతాబ్దపు కోణార్క్ సూర్యదేవాలయం రాతి చక్రాలకు ఎనిమిది లావుపాటి ఆకులు, వాటి మధ్య ఎనిమిది సన్నపాటివి. సారనాథ్ సింహస్తంభం మీది చక్రానికి ఇరవై నాలుగు. బెజవాడలో 1921లో పింగళి వెంకయ్య గాంధీజీకి ఇచ్చిన నమూనా నుంచి ఎదిగిన జెండాలో రాట్నం ఉండేది. 1947 జూలై 22న ఆ చోటికి ఇరవై నాలుగు ఆకుల అశోక చక్రం వచ్చింది. అమరావతి శిల్పాల్లో స్తంభాల మీద నిలిపిన ధర్మచక్రాలకూ ఆకులు దట్టంగానే ఉంటాయి.

శిల్పికీ జెండాకూ ఆకులెన్నయినా ఫరవాలేదు. బండి చేసే వడ్రంగికి అలా కుదరదు. ఆకులు తక్కువైతే రెండు ఆకుల మధ్య అంచు నేల ఒత్తిడికి లోపలికి వంగుతుంది. ఎక్కువైతే మధ్యనున్న దిమ్మకు ఎక్కువ బెజ్జాలు పెట్టాలి, దిమ్మ గుల్లబారుతుంది. లేదంటే ఆకుల్ని సన్నగా చెక్కుకోవాలి. ఈ రెండు భయాల మధ్య కుదిరిన లెక్కే మన పల్లె బండ్లలో ఎక్కువగా కనిపించే పన్నెండు ఆకులు. అంచున వంపు చెక్కలు ఆరు, ఒక్కో చెక్కకు రెండేసి ఆకులు.

కమ్మరి నిప్పు

మన ఎద్దుబండి చక్రంలో ఆకు చేసే పని మోయడం. నేల పైకి తోస్తుంది, బండి కిందికి తోస్తుంది, మధ్యన ఆకు నలుగుతుంది. ఏ క్షణంలోనైనా ఇరుసుకు సరిగ్గా కింద ఉన్న ఒకటి రెండు ఆకులే బండి బరువునంతా మోస్తాయి. చక్రం తిరిగేకొద్దీ తర్వాతి ఆకు వంతు వస్తుంది. అందుకే ఆకు లావుగా ఉండాలి. తుమ్మ చెక్క అందుకు బాగా పనికొస్తుంది. బాడిసతో చెక్కి, ఉలితో బెజ్జం తొలిచి, ఆకు మొదలును దిమ్మలోకి దిగ్గొడతారు.

ఎంత బిగుతుగా దిగ్గొట్టినా చెక్క కీళ్లు కొన్నాళ్లకు వదులవుతాయి. వాటిని పట్టి ఉంచేది ఇనప పట్టా. ఇక్కడ వడ్రంగి పని ముగిసి కమ్మరి పని మొదలవుతుంది. పట్టాను చక్రం చుట్టుకొలత కంటే కొద్దిగా చిన్నదిగా చేస్తారు. చల్లగా ఉన్నప్పుడు అది చక్రానికి ఎక్కదు. పిడకలు, కట్టెలు పేర్చి ఎర్రగా కాలుస్తారు. ఇనుము ప్రతి డిగ్రీ వేడికీ మీటరుకు సుమారు 12 మైక్రోమీటర్లు సాగుతుంది. మీటరులో పది లక్షల వంతు మైక్రోమీటరు, చెప్పుకోదగ్గ కొలతే కాదు. కానీ మీటరున్నర అడ్డం ఉన్న చక్రం చుట్టుకొలత 4.7 మీటర్లు. పట్టా 600 డిగ్రీలు వేడెక్కితే మూడు సెంటీమీటర్లకు పైగా పొడుగవుతుంది. ఆ మూడు సెంటీమీటర్ల వెసులుబాటులో నలుగురు మనుషులు పట్టకార్లతో ఎత్తి చక్రానికి తొడిగి, చెక్క అంటుకునేలోగా నీళ్లు కుమ్మరిస్తారు. పట్టా కుంచించుకుపోతూ వంపు చెక్కల్ని ఒకదానికొకటి నొక్కి, ఆకుల్ని దిమ్మలోకి దిగేసి, కీళ్లన్నీ కిర్రుమనేలా బిగిస్తుంది. మేకు ఒక్కటి కూడా అక్కర్లేదు.

ఎండాకాలంలో చెక్క ఆరి సన్నబడితే పట్టా వదులై జారుతుంది. చక్రాన్ని చెరువులో నానబెట్టేది అందుకే. చెక్క నీరు తాగి ఉబ్బుతుంది, పట్టా మళ్లీ పట్టు చిక్కించుకుంటుంది. పట్టా ఎప్పుడూ లాగుడులో ఉంటుంది, ఆకులు ఎప్పుడూ నొక్కుడులో ఉంటాయి. ఒకటి బిగుసుకుని మరొకదాన్ని నిలబెడుతుంది. ఈ సూత్రాన్ని తిరగేస్తే సైకిల్ చక్రం వస్తుంది.

తిరగేసిన ఆలోచన

తిరగేసినవాడు జార్జ్ కేలీ. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ జమీందారు, విమానం ఎలా ఎగరాలో శాస్త్రీయంగా ఆలోచించిన తొలి మనుషుల్లో ఒకడు. తన ఎగిరే యంత్రానికి అతి తేలికైన చక్రాలు కావాలి. చెక్క ఆకుల్ని సన్నగా చేస్తే అవి విరుగుతాయి. 1808లో ఆయన తన నోటు పుస్తకంలో వేరే దారి రాసుకున్నాడు. బరువు మోయడానికి కర్రలు కాదు, బిగించి కట్టిన తాళ్లో తీగలో వాడాలని. చక్రం మధ్య భాగాన్ని అంచు నుంచి అన్ని వైపులకూ లాగి ఉంచితే చాలునని.

ఆ ఆలోచన రోడ్డెక్కడానికి మరో అరవై ఏళ్లు పట్టింది. పారిస్ మెకానిక్ యూజీన్ మెయర్ 1869లో తీగ పుల్లల చక్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇంగ్లండ్‌లోని కోవెంట్రీలో జేమ్స్ స్టార్లీ 1870లో ఏరియల్ అనే సైకిల్ తెచ్చాడు. అప్పట్లో పెడళ్లు నేరుగా ముందు చక్రానికే ఉండేవి, గొలుసు లేదు. ఒక్క తొక్కుకు ఎక్కువ దూరం పోవాలంటే చక్రమే పెద్దదవ్వాలి. మనిషి కాలు పొడవు అనుమతించినంత పెద్ద చక్రం, కొన్ని మీటరున్నర దాకా. చెక్క ఆకులతో అంత పెద్ద చక్రం చేస్తే తొక్కలేనంత బరువు అయ్యేది. తీగలు వచ్చాకే అది సాధ్యమైంది. గొలుసుతో, దాదాపు సమానమైన రెండు చక్రాలతో స్టార్లీ సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ 1885లో రోవర్ సైకిల్‌ను తెచ్చాడు. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. మనం ఈరోజు తొక్కే సైకిల్ అక్కడికి దాదాపు పూర్తయినట్టే.

ఈ తీగ చక్రం ఎలా పనిచేస్తుందో చెప్పడానికి నులక మంచమే సరైన పోలిక. నులక తాడు ఎవరినీ పైకి నెట్టలేదు, తాడుకు ఆ శక్తి లేదు. కానీ బిగించి అల్లితే నలుగురు కూర్చున్నా మోస్తుంది. అలా బిగించినందుకు మంచం కోళ్లనూ పట్టెలనూ తాడు లోపలికి గుంజుతూ ఉంటుంది. సైకిల్ చక్రంలోనూ అంతే. పుల్లలన్నీ రిమ్మును కేంద్రం వైపు గుంజుతాయి, రిమ్ము తనలో తాను నలుగుతూ వాటికి ఎదురు నిలుస్తుంది. ఎవరూ ఎక్కని ఖాళీ సైకిల్ చక్రంలో కూడా ఒక్కో పుల్లలో వంద కిలోల దాకా లాగుడు ఉండొచ్చు. ముప్పై ఆరు పుల్లలకు మూడు వేల ఆరు వందల కిలోలు. అన్ని వైపులా సమానంగా ఉన్నందువల్ల చక్రం మధ్యనున్న హబ్బు కదలకుండా ఉంటుంది. రిమ్ము మీద పడే నొక్కుడు ఈ మొత్తాన్ని పై (π) విలువకు రెట్టింపుతో, అంటే 6.28తో, భాగిస్తే వస్తుంది. దాదాపు 570 కిలోలు. స్టాండు వేసి గోడ పక్కన నిలబెట్టిన సైకిల్‌లో ఇంత పోరు జరుగుతోందని చూస్తే ఎవరికీ తెలియదు.

హబ్బు పై పుల్లలకు వేలాడుతుందా?

ఇప్పుడు మనిషి ఎక్కి కూర్చున్నాడు. వెనక చక్రం మీద యాభై కిలోల బరువు పడిందనుకుందాం. తీగలు తోయలేవు, లాగగలవు అన్నాం కనుక, హబ్బు పైనున్న పుల్లలకు వేలాడుతూ ఉంటుందని, వాటిలో లాగుడు పెరుగుతుందని అనిపిస్తుంది. చాలామంది అలాగే చెబుతారు. కొలిచి చూస్తే అలా లేదు. పై పుల్లల్లో మార్పు చాలా స్వల్పం. పెద్ద మార్పంతా అడుగున, నేలకు దగ్గరగా ఉన్న నాలుగైదు పుల్లల్లో. వాటిలో లాగుడు తగ్గుతుంది. రిమ్ము అడుగున కొద్దిగా పైకి నొక్కుకుపోతుంది కాబట్టి ఆ పుల్లలు కాస్త వదులవుతాయి. అన్నీ కలిపి తగ్గిన లాగుడు సుమారుగా మోస్తున్న బరువంత ఉంటుంది.

అంటే మోసేది అడుగు పుల్లలే. కానీ అవి మోసేది తోసి కాదు, తమ లాగుడును కొంత వదులుకుని. వంద కిలోలు లాగుతున్న పుల్ల ఎనభై కిలోలకు దిగింది. హబ్బును కిందికి గుంజే బలం ఇరవై కిలోలు తగ్గింది. కిందికి గుంజేది తగ్గడమూ, పైకి తోసేది రావడమూ హబ్బుకు ఒకటే. ముందుగా పెట్టిన లాగుడే పుల్లకు నొక్కుడును తట్టుకునే శక్తి. లాగుడు సున్నాకు పడిన క్షణం నుంచి పుల్ల పనికిరాదు, అప్పుడు రిమ్ము వంకరపోతుంది. జాబ్‌స్ట్ బ్రాంట్ 1981లో తెచ్చిన సైకిల్ చక్రం పుస్తకంలో ఈ సంగతిని లెక్కలతో వివరించాడు. హబ్బు అడుగు పుల్లల మీద నిలబడుతుందన్న ఆయన మాట మీద సైకిల్ ప్రియుల మధ్య వాదనలు ఇప్పటికీ జరుగుతుంటాయి. లెక్క ఆయన వైపే ఉంది.

దీన్ని చెవితో తేల్చుకోవచ్చు. పుల్ల కూడా తీగే కాబట్టి మీటితే మోగుతుంది. బిగుతు ఎక్కువైతే స్థాయి పెరుగుతుంది, తగ్గితే దిగుతుంది. రెండు మిల్లీమీటర్ల ఉక్కు పుల్ల, వంద కిలోల లాగుడు, 29 సెంటీమీటర్ల పొడవు అయితే సెకనుకు సుమారు 350 కంపనాలు. ఒకరు సీటు మీద కూర్చుంటే మరొకరు అడుగునున్న పుల్లను మీటండి. దిగగానే అదే పుల్లను మళ్లీ మీటండి. స్థాయిలో తేడా వినబడుతుంది. పై పుల్లకు అదే పరీక్ష చేస్తే తేడా దాదాపు తెలియదు. పుల్లలు ఒకదానితో ఒకటి తాకే చోట స్వరం కొంత మారుతుంది కానీ పోల్చుకోవడానికి అదేమీ అడ్డు కాదు.

పుల్లలు రిమ్ము నుంచి హబ్బుకు సూటిగా రావు, ఒకదాన్నొకటి దాటుకుంటూ పక్కకు వాలి ఉంటాయి. ఆ ఏర్పాటుకు జేమ్స్ స్టార్లీ 1874లో పేటెంట్ తీసుకున్నాడు. వెనక చక్రాన్ని తిప్పేది హబ్బు. పుల్లలు సూటిగా ఉంటే హబ్బు తిరిగినప్పుడు రిమ్మును తిప్పేందుకు వాటికి పట్టు దొరకదు, హబ్బు కొంత మెలి తిరిగాకే రిమ్ము కదులుతుంది. పక్కకు వాలిన పుల్ల హబ్బు అంచును తాకుతూ పోతుంది కాబట్టి తొక్కిన వెంటనే రిమ్మును గుంజుతుంది. సగం పుల్లలు ముందుకు వాలితే సగం వెనక్కు. తొక్కినప్పుడు ఒక సగం బిగుస్తుంది, రెండో సగం వదులవుతుంది. ఇంకో సంగతి, హబ్బుకు రెండు పక్కలా రేకులుంటాయి. కుడి రేకు పుల్లలు కొన్ని, ఎడమ రేకు పుల్లలు కొన్ని. ముందు నుంచి చూస్తే అవి త్రికోణంలా కనిపిస్తాయి. మలుపులో చక్రం పక్కకు వాలిపోకుండా కాచేది ఆ త్రికోణమే.

పుల్ల ఎందుకు తెగుతుంది

గట్టిగా బిగిస్తే పుల్ల తెగుతుందని, వదులుగా ఉంటే మన్నుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది ఎక్కువగా దానికి విరుద్ధం. పుల్లకు ఒక్కసారి పడే పెద్ద బరువు కంటే లక్షలసార్లు మారే చిన్న బరువే ప్రమాదం. ఇరవై ఎనిమిది అంగుళాల చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. కిలోమీటరుకు 450 తిరుగుళ్లు. రోజుకు పది కిలోమీటర్లు తొక్కితే ఏడాదిలో ఒక్కో పుల్ల దాదాపు పదహారు లక్షల సార్లు వదులై మళ్లీ బిగుస్తుంది. బిగుతుగా ఉన్న చక్రంలో ఈ ఊపు చిన్నది, పుల్ల ఎప్పుడూ లాగుడులోనే ఉంటుంది. వదులు చక్రంలో అడుగుకు వచ్చిన ప్రతిసారీ పుల్ల పూర్తిగా సడలి, పైకి పోగానే ఒక్కసారి గుంజుకుంటుంది. హబ్బు రేకు దగ్గర పుల్ల వంపు తిరిగే చోటే ఈ దెబ్బంతా పడుతుంది. తెగిన పుల్లను చూడండి, సాధారణంగా ఆ మెడ దగ్గరే తెగి ఉంటుంది.

మంచి మెకానిక్ బెండు తీసేటప్పుడు నిపుల్ కీతో ఒక పుల్లను బిగిస్తే దాని ఎదురు పుల్లను కొంత వదులు చేస్తాడు. రిమ్మును కుడికి లాగాలంటే కుడి పుల్లలు బిగించాలి, ఎడమవి వదులు చేయాలి. రెంటినీ చూసుకోకుండా బిగించుకుంటూ పోతే చక్రం గుడ్డు ఆకారానికి పోతుంది. పని అయ్యాక కొందరు పుల్లల్ని జతలుగా పిడికిట్లో పట్టి గట్టిగా పిండుతారు. చూసేవాళ్లకు అలవాటుగా చేసినట్టుంటుంది. నిజానికి ఆ పిండుడుతో పుల్ల మెడ దగ్గర తయారీలో మిగిలిపోయిన ఒత్తిడి సర్దుకుంటుంది, చక్రం ఎక్కువ కాలం మన్నుతుంది. ఒక పుల్ల తెగితే దాని వంతు పక్క పుల్లల మీద పడుతుంది, అవీ త్వరగా తెగుతాయి. తెగిన పుల్లతో వారాల తరబడి తిరగడం వల్ల మొత్తం రిమ్మే పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు.

మోటారు సైకిళ్లలో ఇప్పుడు పోత పోసిన అల్లాయ్ చక్రాలు ఎక్కువయ్యాయి. పుల్లల రిమ్ముకు నిపుళ్ల కోసం రంధ్రాలుంటాయి కాబట్టి మామూలుగా ట్యూబ్ లేకుండా గాలి నిలవదు, అల్లాయ్‌కు ఆ బెడద లేదు. పుల్లల చక్రం మాత్రం రాళ్ల దారిలో దెబ్బ తగిలితే కొంచెం వంగి నిలుస్తుంది. పోత చక్రం వంగదు, పగులుతుంది. కొండదారుల బండ్లకు ఇప్పటికీ పుల్లలే పెడుతున్నారంటే కారణం అది.

ఇదే సూత్రం సైకిల్ దాటి చాలా పెద్ద పనులకు ఎదిగింది. 1893లో షికాగో ప్రదర్శనలో జార్జ్ ఫెరిస్ కట్టిన తొలి జెయింట్ వీల్ ఎత్తు ఎనభై మీటర్లు, దాన్ని నిలబెట్టినవి సన్నపాటి ఇనప కడ్డీల పుల్లలు. 2000 సంవత్సరంలో జనం కోసం తెరిచిన లండన్ ఐ ఎత్తు 135 మీటర్లు, దాని రిమ్మును 64 ఉక్కు తాళ్లు కేంద్రానికి లాగి పట్టుకుంటాయి. 2010 కామన్వెల్త్ క్రీడలకు ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియానికి వేసిన పైకప్పు కూడా నేల మీద పడుకోబెట్టిన పుల్లల చక్రమే. బయట నలిగే ఉక్కు వలయం, లోపల లాగే వలయం, మధ్యన తాళ్లు. ప్రేక్షకుడికి అడ్డంగా ఒక్క స్తంభమూ ఉండదు.

మధ్యనున్న ఖాళీ

నిండు చక్రానికి లేనిదీ ఆకుల చక్రానికి ఉన్నదీ ఖాళీ. ఆ ఖాళీల వల్ల ఎవరూ అనుకోని ఒక మేలు జరిగింది. లండన్ వైద్యుడు పీటర్ మార్క్ రోజే కంచె సందుల్లోంచి పోతున్న బండి చక్రాన్ని చూసినప్పుడు నిటారు ఆకులు నిటారుగానే ఉండగా మిగతావి వంకర తిరిగి కనిపించడం గమనించాడు. 1824 డిసెంబరులో రాయల్ సొసైటీకి దాని మీద వ్యాసం సమర్పించాడు. తర్వాత మైకేల్ ఫారడే 1831లో తిరిగే పళ్ల చక్రాలతో ప్రయోగాలు చేశాడు. ఆ వెంటనే బెల్జియం శాస్త్రవేత్త జోసెఫ్ ప్లాటో సందులు కోసిన బిళ్లను తిప్పి బొమ్మల్ని కదిలేట్టు చేశాడు. కదిలే బొమ్మల వరసలో సినిమా వచ్చింది.

ఆ సినిమాలో చక్రాలు వెనక్కు తిరుగుతున్నట్టు కనిపించడానికీ ఈ ఖాళీలే కారణం. కెమెరా సెకనుకు 24 బొమ్మలు తీస్తుంది. పన్నెండు ఆకుల రథచక్రంలో ఆకుకూ ఆకుకూ మధ్య 30 డిగ్రీలు. చక్రం సెకనుకు రెండుసార్లు తిరిగితే బొమ్మకూ బొమ్మకూ మధ్య సరిగ్గా 30 డిగ్రీలు జరుగుతుంది. ఒక ఆకు ఉన్న చోటికి మరో ఆకు వస్తుంది, ఆకులన్నీ ఒకేలా ఉంటాయి, కంటికి చక్రం ఆగినట్టే. వేగం కొద్దిగా తగ్గి 27 డిగ్రీలే జరిగితే ఆకు మూడు డిగ్రీలు వెనక్కు పోయినట్టు కనిపిస్తుంది. మీటరున్నర అడ్డం ఉన్న చక్రానికి ఇది గంటకు ముప్పై, ముప్పై అయిదు కిలోమీటర్ల వేగం. గుర్రాలు పరుగు తీసే వేగమే. తెర మీది రథం ముందుకు దూసుకుపోతుంటే చక్రాలు వెనక్కు తిరగడం ఎవరి పొరపాటూ కాదు.

ఫ్యాక్టరీలో మాత్రం ఇది ప్రాణం మీదికి తెస్తుంది. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు, పాతకాలపు ట్యూబులైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది. దాని వెలుగులో తిరుగుతున్న లేతు మిషను చక్రం ఆగినట్టు కనిపించి చెయ్యి పెట్టే ప్రమాదం ఉంది. అందుకే వర్క్‌షాపుల్లో పక్కపక్క దీపాలకు వేర్వేరు ఫేజుల కరెంటు ఇస్తారు, ఒకటి మినుకుతున్నప్పుడు మరొకటి వెలుగుతుంది.

హైస్కూలు సైన్సు మాస్టర్లకు నాదొక విన్నపం. బలాలు, వ్యాకోచం, కంపనం, దృష్టి, లోహాల అలసట: ఈ పాఠాలన్నిటికీ పరికరాలు లేవని బాధపడే బడిలో కూడా సైకిల్ షెడ్డు ఉంటుంది. పాత చక్రం ఒకటి తరగతికి తెప్పించండి. పిల్లలతో పుల్లల్ని మీటించండి, ఫోనులో స్వరం కొలిచే యాప్‌తో కంపనాలు రాయించండి, నిపుల్ కీ వాళ్ల చేతికే ఇచ్చి ఒక పుల్లను పావు చుట్టు బిగించి రిమ్ము ఎటు జరిగిందో చూడమనండి. ఊళ్లో బండి చక్రాలు చేసిన వడ్రంగి గానీ పట్టా తొడిగిన కమ్మరి గానీ ఉంటే ఒక పూట ఆయన్ను పిలిచి పాఠం చెప్పించండి.